గళ్ళ మడి వేద్దాం, కానీ ఎవరి కోసం?



బోరింగు దగ్గర నుంచి వెనక ప్రహరీ గోడ దాకా ఖాళీగా పడి ఉన్న జాగాలో కూరగాయలు వెయ్యాలా వద్దా అని పది రోజులుగా మెస్సులో ఒకటే వాదన. వెయ్యాలని నా అభిప్రాయం. వేస్తే సాళ్ళుగా కాదు, గళ్ళ మళ్ళుగా వెయ్యాలని కూడా నా అభిప్రాయం. కానీ కొన్ని షరతులున్నాయి. అవి ఒప్పుకోకపోతే అసలు వెయ్యకపోవడమే మేలు. ఒప్పుకోనివాళ్ళు వచ్చే సంచికకి రాసివ్వండి, గోడ మీద జాగాకి కొదవ లేదు.

గళ్ళ మడి అంటే ఏటని కొందరు చిన్న తరగతివాళ్ళు అడిగారు. నేల మీద గట్టు కట్టి, అరడుగు నుంచి అడుగు ఎత్తున మంచి మట్టి పోసి, నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు మడి చెయ్యడం. దాని మీద అడుగుకొక తాడు నిలువునా అడ్డంగా లాగితే 16 గళ్ళు వస్తాయి. గడికొక రకం. (తాడంటే కొబ్బరి తాడే. పొందూరులో ఉన్నాం కదాని ఎవరూ సన్న నూలు అడగొద్దు. వలుగ చేప దవడతో దువ్వి, వడికి, నేసే నూలు అది. మట్టిలో వేస్తే నేతవాళ్ళ ఉసురు తగులుతుంది.) ఈ లెక్క కట్టినాయన అమెరికాలో మెల్ బార్తొలొమ్యూ అనే ఇంజనీరు. జనం పొడుగాటి సాళ్ళు వేసి, సాళ్ళ మధ్య ఖాళీలో కలుపు పీకలేక విసిగిపోవడం చూసి 1981లో పుస్తకం రాశాడు. పెద్ద మొక్క అయితే గడికి 1, మధ్యరకం 4, చిన్నవి 9, ముల్లంగి లాంటివి 16. ఇదే ఆయన ఎక్కం.

ఆ ఎక్కం మనకి అచ్చంగా పనికిరాదు. మన వంగ మొక్క ఒక గడిలో ఒదగదు, పక్క గడి మీద పడుతుంది. దానికి రెండు గళ్ళు ఇవ్వాలి. ఆనప, గుమ్మడి మడిలో వద్దే వద్దు, ప్రహరీ గోడకి ఎక్కించాలి. ఆయన చెప్పిన నాలుగడుగుల వెడల్పు ఎందుకంటే, రెండు వైపుల నుంచీ చెయ్యి చాపితే మధ్యకి అందాలి, మడి మీద కాలు పెట్టకూడదు. కాలు పెట్టకపోతే మట్టి గుల్లగా ఉంటుంది, వేరు సులువుగా దిగుతుంది. ఆరో తరగతి పిల్లల చేతులకి నాలుగడుగులు ఎక్కువ. వాళ్ళ మళ్ళు మూడడుగులే చేద్దాం, 9 గళ్ళు చాలు. చిక్కుడు, బీర పందిరి వేస్తే ఉత్తరం వైపు వెయ్యాలి. చలికాలం సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు, పందిరి నీడ మిగతా గళ్ళ మీద పడకుండా ఉంటుంది.

ఎత్తు మడి ఎందుకు, నేలలోనే వేస్తే పోదా అంటే, వానాకాలం ఆ జాగాలో చీలమండ లోతు నీళ్ళు నిలవడం అందరం చూసినదే. అక్టోబరు వచ్చిందంటే మనకి తుపాను భయం. 2014లో హుద్ హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. గాలిని ఏ మడీ ఆపదు గానీ, ఎత్తు మడిలో నీరు ఇంకిపోతుంది, వేరు కుళ్ళదు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయి క్యూబా దేశానికి తిండికి కటకట వచ్చినప్పుడు, హవానా నగరంలో ఖాళీ స్థలాల్లో ఇలాగే గట్లు కట్టి, పెంట, మట్టి పోసి కూరలు పండించుకున్నారు. కింద ఉన్నది మంచి నేల కాకపోయినా పండాయి. మన వెనక జాగాలో ఉన్నది రాళ్ళూ ఇటుక ముక్కలే కదా.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వస్తాను. "కొండ మీద మా తాతలు తాడు కట్టి పండించారా? పోడులో చోడి, కంది, సామ, అలసంద, గుమ్మడి అన్నీ కలిపి చల్లేవారు. ఈ గళ్ళేటి, లెక్కల పుస్తకంలాగ!" అని ఒక మిత్రుడు ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం అది నవ్వులాట మాట కాదనిపించింది. పోడులో ఒక పంట పోతే ఇంకోటి నిలబడుతుంది. చోడి ముందు కోతకి వస్తుంది, కంది ఆఖర్న వస్తుంది. కంది కొత్తలు చేసిందాకా మన పెద్దలు కొత్త కంది నోట్లో పెట్టరు. అంటే ఏ పంట ఎప్పుడో, దేని పక్కన ఏది ఉండాలో వాళ్ళకి తాడు లేకుండానే తెలుసు. గళ్ళ మడిలో ఉన్న తెలివి కూడా అదే: ఒక్క చోట పది రకాలు, ఒకటి కోసిన గడిలో వెంటనే ఇంకోటి. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసే రైతుల్లో కూడా 36 అడుగులు పొడవు, 36 అడుగులు వెడల్పు గడిలో చెట్లూ, కూరగాయలూ, తీగలూ అంతస్తులుగా వేసినవాళ్ళున్నారు. ఆ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికే 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతిలో భాగం వచ్చింది. కాబట్టి మన తాతలు వెనకబడినవాళ్ళూ కాదు, గళ్ళు కొత్త మతమూ కాదు. తాడు ఎందుకు కావాలంటే, ఇక్కడ మనం రెండొందల మందిమి. పోడుకి ఒక ఇంటివాళ్ళే యజమానులు. ఇక్కడ గడి లేకపోతే అందరిదీ ఎవరిదీ కాకుండా పోతుంది.

ఇంకో మాట. తోట వేస్తే కూర సమస్య తీరిపోతుందని కొందరు ఆశ పెడుతున్నారు. తీరదు. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు మనిషికి రోజుకి కూరలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు ఉండాలంటారు. రెండొందల మందికి 80 కిలోలు. మనం 10 మళ్ళు కడితే 160 గళ్ళు. వంటక్కని అడిగితే ఒక్క పూట తోటకూర పప్పుకి 8 కిలోల ఆకు పడుతుందంది. సగం గళ్ళు ఆకుకూరే వేసినా నెలకి రెండు మూడు సార్లు పప్పులోకి వస్తే గొప్ప. అందుకే ఉల్లి, బంగాళాదుంప జోలికి పోవద్దు. తోటకూర, గోంగూర, బచ్చలి, మెంతికూర, మిరప, కొత్తిమీర వెయ్యాలి. మూలన ఒక నిమ్మ, ఒక మునగ, ఒక కరివేపాకు పెట్టాలి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే అందులో ఇనుము ఒంటికి బాగా పడుతుందని సైన్సు మాస్టారు చెప్పారు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తం తక్కువ అని తేలింది. వారానికొక నీలం మాత్ర ఇస్తున్నారు, మంచిదే. మాత్రతో పాటు పళ్ళెంలో ఆకు కూడా ఉండాలి కదా.

ఇక షరతులు. పెద్దలు కోప్పడకూడదు.

మొదటిది, తోటపనిని శిక్షగా వెయ్యకూడదు. ఆలస్యంగా లేచినవాడికి పది బకెట్లు, హోంవర్కు చెయ్యనివాడికి కలుపు తీత అని మొదలెడితే, మొక్క కనిపిస్తే చాలు పిల్లలకి కడుపుమంట పుడుతుంది. సాయంత్రం ఆటల సమయంలో అరగంట, అదీ ఇష్టమైనవాళ్ళకే. చదువుకి పంపించాం గానీ కూలికి కాదని మన అమ్మానాన్నలు అడిగితే తప్పు వాళ్ళది కాదు.

రెండోది, నీళ్ళు పొయ్యడం ఆడపిల్లల పని, తవ్వడం మగపిల్లల పని అనే వాటా వద్దు. గడి ఎవరిదైతే తవ్వకమూ నీళ్ళూ వాళ్ళవే.

మూడోది, పండినది మన బాణలిలోకే రావాలి. కొన్నిచోట్ల తోటలు ఆఫీసరు గారు వచ్చే ముందు రోజు నీళ్ళు తాగుతాయి, మర్నాటి నుంచి ఎండిపోతాయి. ఫొటోకి నిలబడిన వంకాయ ఎవరి కూరలోనూ కనిపించదు. 2019లో కేంద్ర మానవ వనరుల శాఖ బడుల్లో పెరటి తోటల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, పిల్లల తిండి కోసమే. మెస్సు గోడకి ఒక పలక తగిలించి, ఏ రోజు ఏ గడి నుంచి ఎంత కోశారో వంటక్క చేత రాయించాలి. ఇది అనుమానం కొద్దీ కాదు, లెక్క కోసం.

సెలవులు పెద్ద చిక్కు. దసరాకి, సంక్రాంతికి అందరం ఇళ్ళకి పోతాం. దీనికి నాకు తోచిన ఉపాయం ఒక్కటే. ఆకుకూరలు నెల లోపలే కోతకి వస్తాయి కాబట్టి, సెలవులకి ముందు కోసేసేలా రోజులు లెక్కపెట్టి విత్తడం. మిరప, వంగ మొదళ్ళలో గడ్డి మందంగా కప్పి, వాచ్‌మన్ తాతని బతిమాలుకోవడం. వేసవిలో మళ్ళు ఖాళీగానే ఉంచి ఎండుటాకులు కప్పేద్దాం.

మట్టికి డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు. పశువుల గెత్తం ఊళ్ళో దొరుకుతుంది. ఉద్దానం వైపు నుంచి వచ్చేవాళ్ళు పాత కొబ్బరి పొట్టు ఒక గోనె తెస్తే తేమ నిలుస్తుంది. జీవామృతం ఎకరానికి 200 లీటర్ల నీటి లెక్క, మనకి అందులో పదో వంతు చాలు: 20 లీటర్ల నీళ్ళు, కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, పొద్దునా సాయంత్రం కలియబెట్టాలి. వాసన గురించి ఫిర్యాదు చేసేవాళ్ళు ముందు మన బాత్రూముల గురించి రాయండి.

వార్డెన్ గారికి ఒక్క మనవి. బియ్యం కడిగిన నీళ్ళూ, పళ్ళేలు కడిగిన నీళ్ళూ ఇప్పుడు ఒకే కాలవలో పోతున్నాయి. సబ్బు నీళ్ళు ఆకుకూరకి పనికిరావు. రెండూ వేరు చేయించి, బియ్యం కడుగు మళ్ళ వైపు, సబ్బు నీళ్ళు అరటి చెట్ల వైపు తిప్పించాలి. ఒక పైపు ముక్క, అర బస్తా సిమెంటు సరిపోతాయని మేస్త్రీ చెప్పాడు. మొదటి రెండు మళ్ళకి గట్టు ఇటుకలు మా గదివాళ్ళం ఏరి పెట్టాం. ఇంటి నుంచి గోంగూర, అలసంద, కొండ చిక్కుడు విత్తనం తెచ్చినవాళ్ళు ఆదివారం లోపల పొట్లం మీద పేరు, ఊరు రాసి లైబ్రరీ బల్ల మీద పెట్టండి.

— 9వ తరగతి