పెళ్ళికి ముందు పవిత్రత: ఆడపిల్లకొక న్యాయం, మగపిల్లవాడికొక న్యాయమా?

తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు మారినా ఇళ్ళలో తెలుగు పోలేదు. ఆ ఇళ్ళ పిల్లలు ఇప్పుడు లోకల్ రైలెక్కి తిరువళ్ళూరు మీదుగా చెన్నైకి చదువులకు, ఉద్యోగాలకు వెళ్తున్నారు. పెళ్ళికి ముందు పవిత్రంగా ఉండమని వీరికి చెప్పేవారు చాలామందే. ఎందుకో చెప్పేవారే తక్కువ.

శ్రీసభ సత్యోపదేశం (2348–2350) ఈ విషయంలో స్పష్టంగా ఉంది. జ్ఞానస్నానం పొందిన ప్రతి ఒక్కరికీ ఈ పిలుపు ఉంది. నిశ్చితార్థమైనవారు కూడా నిగ్రహం పాటించాలి. ఆ కాలం ఒకరినొకరు గౌరవించడం, నమ్మకంగా ఉండడం నేర్చుకునే కాలం. శరీరాన్ని అప్పగించడమంటే జీవితాన్నంతా అప్పగించడమే. ఆ మాట దేవుని సన్నిధిలో ఇవ్వకముందే శరీరం ఇవ్వడం తొందరపాటు.

ఇందులో ఆడవారికి ఒక నియమం, మగవారికి మరో నియమం లేదు. కానీ మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? అమ్మాయి ఫోను వెతుకుతాం, అబ్బాయిని ఏమీ అడగం. తప్పు ఇద్దరిదైనా పరువు మాత్రం అమ్మాయిదే పోతుంది. ఇది క్రీస్తు బోధ కాదు, లోకాచారం. కట్నం కూడా అంతే. 1961 నుండి చట్టం నిషేధించినా బేరం ఆగలేదు. వధువును వెలకట్టి తెచ్చుకునేవాడు పవిత్రత గురించి మాట్లాడడానికి అర్హుడా?

వివాహానికి సిద్ధపాటు బాల్యం నుండే మొదలై మూడు దశల్లో సాగాలని రెండవ జాన్ పాల్ పోపుగారు 1981లోనే బోధించారు. మనమేమో మండపానికి, నగలకు నెలల తరబడి తిరుగుతాం, ఆత్మ సిద్ధపాటుకు రెండు రోజుల తరగతి చాలనుకుంటాం. పెళ్ళికి ముందు పాపసంకీర్తనం చేసి దివ్యసత్ప్రసాదం స్వీకరించమని శ్రీసభ చట్టం (1065) గట్టిగా కోరుతోంది. తరగతి తమిళంలో జరిగినా, మనసులోని సందేహాన్ని తెలుగులో అడగగలిగే అనుభవజ్ఞులైన దంపతులు ప్రతి విచారణలో ఉండాలని మేము కోరుతున్నాము.

యువతీ యువకులారా, ఇద్దరూ కలిసి ప్రార్థించండి. అప్పులు, ఉద్యోగం, అత్తమామలు, పిల్లలు, అన్నిటి గురించీ ముందే దాపరికం లేకుండా మాట్లాడుకోండి. పడిపోయినవారు నిరాశపడవద్దు. పాపసంకీర్తనపు తలుపు తెరిచే ఉంది. పెద్దలారా, వారిని వెలివేయకండి. పవిత్రతను కొడుకుకూ కూతురికీ ఒకే నోటితో నేర్పండి. అప్పుడే మన మాటను పిల్లలు నమ్ముతారు.