కుట్లు పడ్డాక వచ్చే జ్వరం

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే 34 మంది స్త్రీలకు ల్యాప్రోస్కోపీ పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఇళ్లకు చేరిన కొందరికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వారం తిరక్కముందే నలుగురు తల్లులు చనిపోయారు. మిగిలినవారిని హైదరాబాదులోని నిమ్స్, అపోలో ఆసుపత్రులకు తరలించి చికిత్స చేయించారు. మృతుల కుటుంబాలకు ఐదేసి లక్షలు ప్రకటించారు. ఇలాంటి శిబిరాల పద్ధతిని మూడేళ్లలో మానుకోవాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులోనే చెప్పింది.

ఇబ్రహీంపట్నం మనకు దూరమే గాని ఆ జ్వరం దూరం కాదు. బోధన్, వర్ని, కోటగిరి పల్లెల నుండి నిజామాబాదుకు వచ్చి ఆపరేషన్ చేయించుకునేది ఎక్కువగా కూలికి పోయే స్త్రీలే. షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక చాలా ఇళ్లు రోజు కూలి మీదే నడుస్తున్నాయి. కుట్ల దగ్గర వాపు కనబడితే "రేపు చూద్దాంలే" అనుకుంటారు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే "జ్వరం మామూలే, గోళీ వేసుకో" అనే జవాబు వస్తుంది. చివరికి సమాధి దగ్గర మనం, అంటే పాస్టర్లం, దేవుని చిత్తం అనేస్తాం. నేనూ అన్నాను. ఆ మాటతో ఆదరణ పొందిన కుటుంబాలున్నాయి, నోరు మూసుకున్న కుటుంబాలూ ఉన్నాయి.

ఇన్ఫెక్షన్ వచ్చినంత మాత్రాన నిర్లక్ష్యం కాదు. ఎంత జాగ్రత్తపడినా కొందరికి వస్తుంది. మన సంఘాల్లో ఎందరో నర్సులున్నారు, వాళ్లను దోషులుగా చూడటం అన్యాయం. వైద్యుడి పొరపాటు ప్రతిదీ నేరం కాదని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. అయితే ఆలస్యం సంగతి వేరు. జ్వరం సంగతి ఎప్పుడు చెప్పారు, ఎవరు వచ్చి చూశారు, రక్త పరీక్ష ఎన్ని గంటలకు రాశారు, మందు ఎప్పుడు మార్చారు? కేసు నిలబడేది ఈ గంటల మీదే. హైదరాబాదులో మలేరియా రోగికి టైఫాయిడ్ వైద్యం చేసిన కేసులో 2010లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ప్రతి కేసులోనూ నిపుణుడైన డాక్టరు సాక్ష్యం తప్పనిసరి కాదన్నది.

కాబట్టి కేస్ షీట్ అడగాలి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నియమం. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోగా వెళ్లాలి. ఆసుపత్రికి కట్టింది ఐదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రి మీద మాత్రం ఆ దారి లేదని 1995లోనే తీర్పు వచ్చింది. అక్కడ సివిల్ కోర్టుకో హైకోర్టుకో పోవాలి. ఇబ్రహీంపట్నం లాంటి చోట చనిపోయేది ఆ ఉచిత మంచాల మీది పేదలే. వాళ్లకే దారి పొడవు, ఖర్చు ఎక్కువ. కూలి కుటుంబం ఒంటరిగా ఆ దూరం నడవలేదు. సంఘంలో ఒక వకీలో, చదువుకున్న యువకుడో దరఖాస్తు రాసి, వాయిదాకు తోడు వెళ్లాల్సిందే.