ఓన్లీ ఎక్కడ కూర్చోవాలి?

"ఐయామ్ హియర్ ఓన్లీ" అన్నవాణ్ణి చూసి ముసిముసిగా నవ్వుకోవడం మనలో ఇంగ్లీషు కాస్త బాగా వచ్చినవాళ్ళకి పాత సరదా. స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుల్లో ముందు పడే వేటు దీని మీదే. ఇంటర్వ్యూకి వెళ్ళే పిల్లలకి "ఆ ఓన్లీ ఒక్కటీ తగ్గించుకో నాయనా" అని చెప్పి మరీ పంపిస్తారు. నాకైతే దాని మీద అంత కోపం లేదు. కొంప ముంచే ఓన్లీ ఇంకొకటుంది, దాని జోలికే ఎవరూ పోరు.

ముందు నవ్వులపాలైన ఓన్లీ సంగతి చూద్దాం. "ఇక్కడే ఉన్నాను", "మా నాన్నే చెప్పాడు", "రేపే వస్తా". మాట చివర ఏకారం తగిలించకుండా తెలుగువాడికి పూట గడవదు. మన వ్యాకరణం దాన్ని అవధారణార్థకం అంది. ఊనిక అనుకుంటే చాలు. హిందీవాళ్ళకి హీ ఉంది, తమిళులకి తాన్ ఉంది. ఇన్ని భాషలవాళ్ళం ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఆ ఊనిక ఎక్కడ పెట్టాలో తోచక ఓన్లీ నెత్తిన పెట్టాం. క్లాడియా లాంగె అనే భాషాశాస్త్రవేత్త భారతీయుల మాటల్లోని ఇంగ్లీషు మీద 2012లో ఒక పుస్తకమే వేశారు. అలాంటి పరిశోధకులు ఈ ఓన్లీని తప్పుల పట్టీలో పారేయకుండా, దీనికీ ఒక పద్ధతి ఉందని చూశారు. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు దీనివల్ల వచ్చే నష్టం ఏమీ లేదు.

అవతలివాడు మనవాడు కానప్పుడే చిక్కు. డల్లాస్‌లో ఉన్న మేనేజరుతో "ద ఫైల్ ఈజ్ విత్ మీ ఓన్లీ" అన్నారనుకోండి. మీరన్నది "నా దగ్గరే ఉంది, కంగారు పడకండి" అని. ఆయనకి వినపడింది "నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు" అని. మీరు ధైర్యం చెబితే ఆయన హడలిపోయాడు.

దీనికి నేను వాడే చిట్కా ఒకటుంది. ఏకారం తీసేసి అక్కడ "మాత్రమే" పెట్టి చూడండి. అర్థం చెక్కుచెదరకపోతే ఓన్లీ వేయండి, చెదిరితే వద్దు. "పది రూపాయలే ఉన్నాయి", "పది రూపాయలు మాత్రమే ఉన్నాయి" రెండూ ఒకటే కాబట్టి ఓన్లీ టెన్ రుపీస్. "ఇప్పుడే తిన్నాను" అన్నచోట "ఇప్పుడు మాత్రమే తిన్నాను" అంటే వినేవాడు తెల్లబోతాడు. అక్కడ జస్ట్ కావాలి. "ఇక్కడే ఉన్నాను" అంటే రైట్ హియర్. "మా నాన్నే చెప్పాడు" అంటే మై ఫాదర్ హిమ్‌సెల్ఫ్. ఒక్క ఏకారం చేసే పనికి ఇంగ్లీషులో ఇంతమంది కావాలి. (ఓన్లీ టూ హ్యాపీ అంటే మాత్రం మహా సంతోషం అని. దాన్ని ఏ చిట్కాకీ లొంగదీయలేం.)

ఇక రెండో ఓన్లీ. అపార్ట్‌మెంటు సెల్లార్ గోడ మీద ఇలా ఒక బోర్డు ఉందనుకోండి: "రెసిడెంట్స్ కెన్ ఓన్లీ పార్క్ టూవీలర్స్ హియర్." రాయించిన సెక్రటరీగారి ఉద్దేశం బయటివాళ్ళు బళ్ళు పెట్టకూడదని. మూడో అంతస్తు ఆయన అక్కడ కారు పెట్టినవాణ్ణి పట్టుకుని, టూవీలర్లే పెట్టాలని రాసుంది కదా అంటాడు. అక్షరం పట్టుకుని చదివే రిటైర్డ్ మాస్టారైతే "పార్క్ మాత్రమే చెయ్యాలన్నమాట, బండి కడగకూడదు" అని తేలుస్తారు. ముగ్గురి మధ్యా నలిగేది వాచ్‌మన్. ఓన్లీని రెసిడెంట్స్ ముందు పెట్టి ఉంటే సెక్రటరీగారి మాట నిలిచేది. టూవీలర్స్ ముందు పెడితే మూడో అంతస్తు ఆయన గెలుస్తాడు. చివర హియర్ ఓన్లీ అంటే బళ్ళు ఇక్కడ తప్ప ఇంకెక్కడా పెట్టొద్దని.

ఈ గొడవ తెలుగులో పుట్టదు. రెసిడెంట్లే పెట్టుకోవాలి, టూవీలర్లే పెట్టుకోవాలి, ఇక్కడే పెట్టుకోవాలి. ఏకారం పట్టుకున్న మాటని వదలదు. ఇంగ్లీషు ఓన్లీ విడి మాట కావడంతో వాక్యమంతా తిరుగుతుంది. అందుకే ఇంగ్లీషులో రాసేముందు ఒకసారి తెలుగులో అనుకుని, ఏకారం ఏ మాట మీద పడిందో దాని ముందు ఓన్లీని కూర్చోబెట్టమంటాను. మన భాష అడ్డొస్తోందని తిట్టుకునే చోటే అది దారి చూపిస్తోంది.

మరీ బిగదీయనక్కర్లేదు. "ఐ ఓన్లీ హ్యావ్ టెన్ రుపీస్" అంటే ఎవరికీ అనుమానం రాదు. ఓన్లీని ప్రతిచోటా దాని మాట పక్కనే కట్టేయాలనేవాళ్ళని హెన్రీ ఫౌలర్ 1926 నాటి తన వాడుక నిఘంటువులో చాదస్తులుగానే చూశాడు. నోటితో అన్నప్పుడు గొంతులో ఒత్తు అర్థాన్ని కాపాడుతుంది. బోర్డుకీ, సర్క్యులర్‌కీ, అగ్రిమెంటుకీ గొంతు ఉండదు. "డిపాజిట్ విల్ ఓన్లీ బి రిటర్న్‌డ్ ఆఫ్టర్ త్రీ మంత్స్" అని అద్దె కాగితంలో ఉంటే సంతకం పెట్టేముందు అడగండి: మూడు నెలలు గడిచాకే ఇస్తారా, మూడు నెలలైనా ఉంటేనే ఇస్తారా? రెండో అర్థం మీకు తట్టకపోవచ్చు, ఇంటాయనకి తడుతుంది. జవాబు నోటితో చెబితే సరిపోదు, అదే కాగితం మీద ఆయన చేత రాయించుకోండి.