గుళిక దొరికింది సరే, చెయ్యి తిరిగిందా?

ఫైనలియర్ ప్రాజెక్టు వైవాలో దాదాపు అందరి చివరి స్లైడూ ఒకటే: అక్యురసీ ఇంత శాతం. ఆ ఒక్క అంకె ఎంత దాచగలదో తెలియాలంటే, ఇంకో ఏఐ కోర్సు కన్నా ఎలుక చెయ్యి చూడటం మేలని నా అభిప్రాయం.

కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ యూనివర్సిటీలో ఇయాన్ విషా బృందం వాడిన పరీక్ష చాలా సింపుల్. పారదర్శకమైన పెట్టె, ముందు గోడకి సన్నటి చీలిక, బయట చిన్న అరుగు మీద తినే గుళిక. ఎలుక వాసన చూస్తుంది. ముంగాలు ఎత్తి, మోచేతిని లోపలికి తెచ్చి గురి చూసుకుంటుంది. చీలికలోంచి చెయ్యి చాపి, అరచేతిని కిందికి తిప్పి గుళిక పట్టుకుంటుంది. వెనక్కి లాగుతూ అరచేతిని పైకి తిప్పి నోట్లో పెట్టుకుంటుంది. అంతా క్షణంలో అయిపోతుంది.

ఇంత నేర్పుకి ముఖ్యమైన దారి కార్టికోస్పైనల్ ట్రాక్ట్. మెదడు పైపొర నుంచి వెన్నుపాములోకి దిగే నరాల కట్ట ఇది. మెడుల్లా దగ్గర పక్క మారుతుంది కాబట్టి మెదడులో ఎడమవైపు దెబ్బతింటే ఇబ్బంది కుడిచేతికి. మొదట్లో గుళికలు జారిపోతాయి. ప్రాక్టీసు చేయిస్తే చాలా ఎలుకలు మళ్లీ అందుకుంటాయి. స్కోరు షీటు చూసినవాళ్లు కోలుకుందని రాసేస్తారు.

వీడియో స్లోగా తిప్పితే కథ వేరు. అరచెయ్యి సరిగా తిరగదు. ఆ పని ఒళ్లు చేస్తోంది: ఒంటిని మొత్తం పక్కకి తిప్పి పంజాని గుళిక మీద వాలుస్తుంది, తలని చేతి దగ్గరికి తెచ్చుకుని తింటుంది. పోయింది తిరిగి రాలేదు, సర్దుకుంది అంతే. 1991లో విషా బృందం దీన్ని రాసుకోవడానికి వాడింది ఎష్‌కోల్-వాక్‌మన్ నొటేషన్. అది నాట్యం కోసం పుట్టిన లిపి. కూచిపూడి నేర్చుకున్న బయోటెక్ స్టూడెంట్లూ, వింటున్నారా?

పక్షవాతం వచ్చిన మనుషుల్లోనూ ఇదే ప్రశ్న. గ్లాసు అందుకోవడానికి నడుము వంచి, భుజం ఎత్తి పని కానిచ్చేవాళ్లని మన ఇళ్లల్లోనే చూస్తుంటాం. కొత్త చికిత్స నరాల దారిని బాగుచేసిందా, లేక ఒళ్లే వేరే ఉపాయం వెతుక్కుందా? గుళికలు లెక్కపెడితే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

పెట్టిన పనిని బట్టి కూడా జవాబు మారుతుంది. 2015లో హార్వర్డ్ బృందం ఎలుకలకి 700 మిల్లీసెకన్ల తేడాతో మీటని రెండుసార్లు నొక్కడం నేర్పింది. నేర్చాక మోటార్ కార్టెక్స్ తీసేసినా అవి ఆ పని చేశాయి. ముందే తీసేస్తే నేర్చుకోలేకపోయాయి. మీట నొక్కడానికి వేళ్ల నేర్పు అక్కర్లేదు మరి.

ఇక్కడ ఇంజినీర్లకి పనేంటంటారా? 2018లో వచ్చిన డీప్‌ల్యాబ్‌కట్ అనే ఓపెన్ సోర్స్ పైథాన్ టూల్, వీడియోలో ఏ వేలు ఎక్కడుందో గుర్తుపడుతుంది. సుమారు 200 ఫ్రేములు చేత్తో లేబుల్ చేస్తే చాలని ఆ పేపర్ చూపించింది. కానీ పాయింట్లు వచ్చేస్తే పని అయిపోదు. తిరిగింది చెయ్యా, నడుమా అని తేల్చే కోడ్ రాయడమే అసలు పని. దానికి జామెట్రీ, సిగ్నల్ ఫిల్టరింగ్, ఓపిక కావాలి. మెడికల్ సీటు అక్కర్లేదు. ఫెలోషిప్ డబ్బులు పెద్ద క్యాంపస్ ప్యాకేజీతో పోటీ పడవు, మొహమాటం లేకుండా చెప్తున్నా. ఆసక్తి ఉంటే మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, బెంగళూరు ఐఐఎస్సీలోని న్యూరోసైన్స్ సెంటర్ నోటిఫికేషన్లలో అర్హతలు చూడండి.

ఎలుకల ప్రయోగాలకి ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. మీకు ఫోను, ఒక స్నేహితుడు చాలు. మోచెయ్యి చాపలేకుండా చున్నీ కట్టి, కాస్త దూరంలో ఉన్న బిస్కెట్ తీసుకోమనండి. తీసుకుంటాడు. అప్పుడు నడుము ఎన్ని డిగ్రీలు వంగిందో లెక్కగట్టండి. బిస్కెట్ దొరికిందా లేదా అన్న కాలమ్ ఎక్సెల్ షీట్‌లో చివర పెట్టండి.