దారిలో పోయే వెలుగు

పిల్లలూ! అంబాసిడర్ కారును మీలో కొందరైనా చూసే ఉంటారు. బొద్దుగా ఉంటుంది. ముందు రెండు గుండ్రని దీపాలుంటాయి. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1950ల చివరి నుంచి 2014 దాకా ఈ కార్లు తయారైనాయి. ఇప్పుడు కొత్తవి రావు గాని, పాతవాటిని ముచ్చటగా కాపాడుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు.

రాత్రివేళ అలాంటి పాత కారు దీపాలు ఒక్కొక్కప్పుడు పచ్చగా, మసకగా కనిపిస్తాయి. "పెద్ద బల్బు పెట్టిస్తే సరి!" అంటారు చూసినవాళ్ళు. బల్బు మార్చడానికి ముందు మనం ఒక ప్రశ్న వేసుకుందాం. బాటరీ పంపిన విద్యుత్తు బల్బు దాకా సరిగా చేరుతున్నదా?

చెరువు నిండా నీళ్ళున్నా, కాలువ పూడిపోతే చివరి మడికి నీరందదు గదా! పాత కారులోనూ అంతే. బాటరీలో బయలుదేరిన విద్యుత్తు ముందు డ్రైవరు ఎదుటి స్విచ్చికి పోవాలి. అక్కడి నుంచి, వెలుగును దూరానికీ దగ్గరికీ మార్చే మరో స్విచ్చికి పోవాలి. చాలా పాత కార్లలో ఇది డ్రైవరు ఎడమకాలి దగ్గర ఉండేది. ఆ తరవాతనే బల్బుకు. తిరుగు ప్రయాణానికి కారు ఇనుప ఒళ్ళే దారి. మెకానిక్కులు దాన్ని "ఎర్తు" అంటారు. ఇన్ని మజిలీలలోనూ ఏళ్ళు గడిచేకొద్దీ రాగికి చిలుము, ఇనుముకు తుప్పు పడతాయి. అవి విద్యుత్తుకు అడ్డు తగులుతాయి. ఈ అడ్డునే "నిరోధం" అంటారు. దీని లెక్కను 1827లో ఓమ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. అందుకే నిరోధాన్ని "ఓమ్"లలో కొలుస్తారు.

ఆ లెక్క మనమూ చేద్దాం. బాటరీ 12 వోల్టులది. 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు బల్బులకు 10. దారి మొత్తం మీద ఉన్న నిరోధం ఓమ్‌లో పదోవంతే అనుకోండి. పదిని పదోవంతుతో హెచ్చవేస్తే ఒకటి. అంటే ఒక వోల్టు దారిలోనే పోయింది! బల్బుకు చేరినవి సుమారు 11.

"పన్నెండింట ఒకటేగా!" అనుకోకండి. వోల్టులు కాస్త తగ్గితే బల్బులోని సన్నని తీగె వేడి తగ్గుతుంది. వేడి తగ్గిన తీగె వెలుగు ఇవ్వడంలో మరీ పిసినారి. ఆ ఒక్క వోల్టుతో వెలుగులో దాదాపు నాలుగోవంతు పోతుంది!

దీనివల్ల వచ్చే చిక్కేమిటో చూడండి. దూరం రెట్టింపయితే అంతే వెలుగు పడడానికి నాలుగు రెట్ల దీపం కావాలి. ఈ లెక్కన మంచి దీపానికి 70 మీటర్ల దూరంలో కనిపించే మనిషి, నాలుగోవంతు తగ్గిన దీపానికి 60 మీటర్ల దగ్గరికి వస్తేగాని కనిపించడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకండుకు దాదాపు 17 మీటర్లు సాగిపోతుంది. చీకట్లో రోడ్డు దాటే మనిషికి ఆ 10 మీటర్లు ప్రాణంతో సమానం.

మరి పెద్ద బల్బు పెడితే? 100 వాట్ల బల్బులు రెండూ కలిసి సుమారు 16 ఆంపియర్లు లాగుతాయి. అదే పాత తీగెలో అప్పుడు పుట్టే వేడి రెండున్నర రెట్లవుతుంది. స్విచ్చి మాడవచ్చు, తీగె పైతొడుగు కరగవచ్చు. పైగా ఎదురుగా వచ్చేవాడి కళ్ళు జిగేలుమంటాయి. కొన్ని క్షణాలు అతనికి రోడ్డే కనిపించదు. మనకు వెలుగు, ఎదుటివాడికి గుడ్డితనం! ఇది న్యాయమా?

తెలిసిన మెకానిక్కు వేరే దారి చూస్తాడు. ముందు అతుకులన్నీ గీకి శుభ్రం చేస్తాడు. ఎర్తు తీగె బిగిస్తాడు. దీపం వెనక ఉండే అద్దపు గిన్నె మెరుపు పోయి ఉంటే మారుస్తాడు. ఆ తరవాత "రిలే" అనే చిన్న పెట్టె అమర్చుతాడు. ఇది తంతి వార్తల కాలపు చిట్కా. దూరం నుంచి వచ్చి బలహీనపడిన విద్యుత్తు ఒక ఇనుప ముక్కను అయస్కాంతంగా మార్చేది. ఆ అయస్కాంతం మరో స్విచ్చిని లాగేది. అప్పుడు కొత్త బాటరీ బలంతో వార్త ముందుకు సాగేది. మన దేశంలో తంతి వార్తలు 2013లో ఆగిపోయాయి గాని, చిట్కా బతికే ఉంది. కారులో డ్రైవరు స్విచ్చి రిలేకు కొద్దిపాటి విద్యుత్తు పంపితే చాలు. బల్బులకు కావలసిన 10 ఆంపియర్లూ బాటరీ నుంచి లావుపాటి తీగెలో, ఫ్యూజు గుండా, దగ్గరి దారిన వెళతాయి. బల్బు పాతదే, వెలుగు కొత్తది! చివరకు దీపాల చూపు సరిగా రోడ్డు మీదికి వంచితే పని పూర్తయినట్టే.

కారు జోలికి మీరు పోవద్దు, అది పెద్దల పని. మీకు ఇంట్లో చేసే ప్రయోగం ఒకటి చెబుతాను. రెండు టార్చి సెల్లులు, ఒక టార్చి బల్బు, రెండు మూడు రాగి తీగె ముక్కలు తీసుకోండి. బల్బు వెలిగేట్టు కలపండి. తరవాత దారి మధ్యలో తుప్పు పట్టిన మేకు ఒకటి చేర్చండి. బల్బు మసకబారుతుంది, లేదా ఆరిపోతుంది. ఆ మేకునే గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ పెట్టండి. ఏమయిందో మీరే చూస్తారు. ఒక్క హెచ్చరిక: ఈ ప్రయోగం సెల్లులతోనే చెయ్యాలి. గోడ ప్లగ్గులో తీగె పెట్టరాదు, ప్రాణాపాయం!

ఇకనుంచి దీపం మసకగా వెలిగితే, దాన్ని తిట్టేముందు దాని దారి చూడండి.