మా మాట మేమే రాస్తాం, కులం పేరుతో సహా అచ్చెయ్యండి

మాది నాదెండ్ల. ఈ పేరు సాహిత్యానికి కొత్తదేం కాదు. శ్రీకృష్ణదేవరాయల మంత్రి తిమ్మరుసు మేనల్లుళ్లు నాదెండ్ల అప్పన, నాదెండ్ల గోపన. మాదయగారి మల్లన తన రాజశేఖర చరిత్రాన్ని అప్పామాత్యుడికే అంకితమిచ్చాడు. గోపన కొండవీడు ఏలాడు. అంటే నాదెండ్ల ఐదొందల ఏళ్ల కిందటే కావ్యంలోకెక్కింది, మంత్రి ఇంటిపేరుగా. మరి ఆనాడు చెప్పు కుట్టినోడు, అరక దున్నినోడు, చచ్చిన గొడ్డును మోసినోడు ఏ కావ్యంలోకెక్కాడు?

'మీ పల్నాటి కథలో కన్నమదాసు ఉన్నాడు గదా' అంటారు. ఉన్నాడు. మాలవాడు, సేనాని, బ్రహ్మనాయుడు కొడుకులా చూసుకున్నాడు. చాపకూడు గురించి సభల్లో గంటలకొద్దీ చెబుతారు. కానీ ఆ చాప మీద కూర్చున్నప్పుడు కన్నమదాసు మనసులో ఏముందో ఆయన నోట మనం విన్నామా? లేదు. ఆయన కథ ఇతరులు చెప్పారు, ఇతరులు రాశారు. మన బతుకంతా ఇట్టాగే పరాయి చేతిరాతలో ఉంది.

ఇదంతా పాత సంగతి అనుకోవద్దు. మాకు జరిగిందే చెబుతాం.

కొన్నేళ్ల కిందట మా దాపుల ఒక ఊళ్లో మాలపల్లె శ్మశానానికి పోయే దారిని పక్క పొలం ఆసామి దున్ని పత్తి పెట్టాడు. వానలో శవాన్ని మోసుకుపోతుంటే గట్టు దగ్గర ఆపేశారు. పాడె దించి రెండు గంటలు నిలబడ్డారు. మేం నలుగురు పంతుళ్లం, పదిమంది కుర్రాళ్లం రాత్రిబడిలో కూర్చుని నాలుగు పేజీల వ్యాసం రాశాం. పేదల పక్షమని చెప్పుకునే ఒక రాజకీయ పత్రికకు రిజిస్టర్డు పోస్టులో పంపాం.

మూడు నెలలకు అచ్చయింది. నాలుగు పేజీలు పదిహేను లైన్లయినయ్. 'మాలపల్లె' అని రాస్తే 'పేదల కాలనీ' అని వేశారు. దారి దున్నినోడి కులం రాస్తే 'ఒక పెత్తందారు' అన్నారు. కులం అనే మాట ఒక్కచోట కూడా లేదు. ఎందుకిట్టా చేశారని ఉత్తరం రాశాం. కులం పేర్లు రాస్తే శ్రామికుల ఐక్యత దెబ్బతింటుందని, భాష కూడా కాస్త సరిచేశామని జవాబొచ్చింది.

ఐక్యత దెబ్బతింటుందట! శవాన్ని ఆపినప్పుడు దెబ్బతినని ఐక్యత, ఆపినోడెవడో రాస్తే దెబ్బతింటుందా? ఎవరి శవం, ఎవరి పొలం, ఎవరి ఐక్యత?

అచ్చయిన ముక్క పట్టుకుని ఆఫీసుకు పోతే అక్కడి అధికారి చదివి, 'పేదల శ్మశానమేగా, ఊరి శ్మశానం ఉంది, అక్కడికి తీసుకెళ్లండి' అన్నాడు. మాలపల్లె నుంచి శవాన్ని ఊరి శ్మశానానికి తీసుకెళ్తే ఏమవుద్దో మా బళ్లో ఒకటో తరగతి పిల్లోడిని అడిగినా చెబుతాడు. అక్కడ ఒక మాట కొట్టేశారు, ఇక్కడ మా దారి కొట్టేశారు.

ఇది మాటల పంచాయితీ కాదు, చట్టం పంచాయితీ. 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. శ్మశానాన్ని అందరితోపాటు వాడుకోనివ్వకుండా షెడ్యూల్డు కులాలవాళ్లను అడ్డుకోవడం ఆ సవరణ ప్రకారం నేరం. బాధితుడు షెడ్యూల్డు కులమో తెగో అయి ఉండాలి, అడ్డుకున్నవాడు ఆ కులాలూ తెగలకు బయటివాడై ఉండాలి. అప్పుడే ఈ చట్టం పనిచేస్తుంది. 'పేదలు', 'పెత్తందారు' అనే మాటల మీద ఈ కేసు నిలబడదు. కులం పేరు తీసేసిన ఎడిటరు తెలిసో తెలియకో మా చేతిలో చట్టాన్ని కూడా తీసేశాడు.

ఈ బాధ మనతో మొదలు కాలేదు. 1920 జనవరి 31న బాబాసాహెబ్ అంబేద్కర్ మూక్‌నాయక్ తెచ్చినప్పుడు, డబ్బు కడతామన్నా దాని ప్రకటన వెయ్యడానికి కేసరి పత్రిక ఒప్పుకోలేదు. ఆయన ఆగలేదు. 1927లో బహిష్కృత భారత్, 1930లో జనతా, 1956లో ప్రబుద్ధ భారత్ వచ్చినయ్. మన తెలుగులో భాగ్యరెడ్డి వర్మ 1931లోనే భాగ్యనగర్ అనే పక్షపత్రిక పెట్టాడు. కుసుమ ధర్మన్న జయభేరి నడిపాడు. 1985 జులై 17న కారంచేడు జరిగాక, ఆ నెత్తుటి వేడిలోంచి దళిత మహాసభ పుట్టింది, 1989లో నలుపు పుట్టింది. ఇతరుల పత్రికల గుమ్మం ముందు నిలబడి నిలబడి మనవాళ్లు సొంత గుమ్మం కట్టుకున్నారు.

మన వినుకొండలో పుట్టిన జాషువా 1941 గబ్బిలంలో తన గోడు ఎవరితో పంపాడు? గబ్బిలంతో. అంటరానివాడికి గుడి తలుపు తెరవరు గానీ గబ్బిలం లోపలికి పోగలదు. ఆయనకు గబ్బిలం దిక్కయింది. మనకు పోస్టాఫీసుంది. ఇంకా ఎందుకు రాయం?

ఎడిటర్లను తిట్టి చేతులు దులుపుకుంటే చాలదు. మా తప్పు కూడా చెప్పుకోవాలి.

అచ్చయిన ముక్కను రావిచెట్టు కింద చదివి వినిపించాం. చనిపోయినాయన భార్య అంతా విని, 'ఇందులో నేను లేనే అబ్బాయ్! గట్టు మీద నేనన్న మాట ఏదీ?' అంది. పత్రికవాళ్లు కొట్టేశారమ్మా అనబోయి మా నాలుగు పేజీలు తిరగేశాం. అందులోనూ లేదు! ఆ రోజు వానలో తడుస్తూ ఆ తల్లి ఆసామితో అన్నది ఇది: 'నీ చేలో పత్తి తీసిన చేతులయ్యా ఇయ్యి. పత్తి తియ్యడానికొస్తే దారుంటది, పాడె మోస్తే ఉండదా?'

ఇంతకు మించిన వ్యాసం ఏ డిగ్రీ చదివినోడు రాయగలడు? మేం దాన్ని వదిలేసి 'దళితుల ఆత్మగౌరవంపై దాడి' అని రాశాం. మా ఇళ్లల్లో మొదట డిగ్రీ చదివింది మేమే. చదువుతోపాటు మా అమ్మ మాటంటే సిగ్గుపడడం కూడా నేర్చుకున్నాం. ఎడిటరు మా కులాన్ని కొట్టేశాడు, మేం మా అమ్మ మాటను కొట్టేశాం. ఎవరిది పెద్ద తప్పు?

అందుకని ఊరూరా పనిచేసే మన కార్యకర్తలకు మేం నేర్చుకున్నది చెబుతున్నాం.

ముందు జరిగింది రాయండి, తర్వాత మీ కోపం రాయండి. తేదీ, టైము, స్థలం, ఎవరు ఏమన్నారు, ఎవరు చూశారు, అదే రోజు నోటుబుక్కులో ఎక్కించండి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికి గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చంపిన సమయం, స్థలం, చంపినోళ్లెవరో రుజువు కాలేదంది. ప్రాణం చేతబట్టుకుని పొలాల్లో పరుగెత్తినోడు గడియారం చూసుకుంటాడా? అది సాక్షుల తప్పు కాదు. అయినా మన కాగితంలో సందు ఉంటే అందులోంచే దోషి జారిపోతాడని మాత్రం గుర్తుపెట్టుకోండి.

పదిమంది ఉంటే వందమంది అని రాయొద్దు. ఒక్క అంకె అబద్ధమైతే మిగతా నిజమంతా అబద్ధం చేస్తారు. సర్వే నంబరు రాయండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదు చేసినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుకు గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు.

దళితులు అని రాసి ఊరుకోవద్దు. మాల అయితే మాల, మాదిగ అయితే మాదిగ, రెల్లి అయితే రెల్లి అని రాయండి. పెద్ద పేరు కింద చిన్న పేరు నలిగిపోతున్నందుకే 1994 జులై 7న ఈదుముడిలో దండోరా మోగింది. ఎడిటరు మనకు చేసిన పని మనం సాటి కులానికి చెయ్యకూడదు.

ఆడబిడ్డల పేర్లు వాళ్లనడగకుండా రాయొద్దు. వ్యాసం పంపేముందు పల్లెలో అందరి మధ్య బిగ్గరగా చదవండి. చదువురాని ముసలమ్మ 'ఇది నా మాటే' అన్నాకే కవరంటించండి. నకలు దగ్గర పెట్టుకోండి. పైన ఈ ముక్క రాయండి: 'పొడుగైతే తగ్గించండి, కులం పేర్లు మాత్రం తియ్యొద్దు.'

సెల్‌ఫోన్లో పెడితే చాలదా అని కుర్రాళ్లు అడుగుతున్నారు. పెట్టండి. కానీ పొద్దున పెట్టింది సాయంత్రానికి కిందికి పోద్ది. రసీదున్న కాగితం ఆఫీసు ఫైల్లో కూర్చుంటది.

మేం ఆ వ్యాసం మళ్లీ రాశాం. సర్వే నంబరుతో, కులాల పేర్లతో, ఆ తల్లి మాటతో మొదలుపెట్టి రాశాం. మన పత్రికలో అచ్చయింది. దాన్ని అర్జీకి జతచేసి ఇచ్చాం. సర్వేయరు వచ్చి కొలిచాడు. దారి ఇంకా పూర్తిగా రాలేదు, పోరాడుతున్నాం. కానీ 'పేదల సమస్య' అని ఫైలు మూసే వీలు మాత్రం ఇక లేదు.

పలకపట్టనివ్వని చేతులివి. పత్తి తీశాయి, పాడె మోశాయి. ఇప్పుడు కలం పట్టాయి. సరిచెయ్యాల్సింది మా భాషను కాదు, మీ ఊరిని.

జై భీమ్!