యూనిఫాం కల... అప్పు లెక్క!

‘అమ్మా, నేను క్రిమినల్‌ జస్టిస్‌ చదువుతా!’... అమెరికాలో స్థిరపడిన మన ఇళ్లలో ఈ మాట వినిపిస్తే పెద్దవాళ్లకి కంగారే. ఆ చదువు కూడు పెడుతుందా అని.

పెడుతుంది. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2024లో అక్కడి పోలీసులు, డిటెక్టివ్‌లలో సగంమంది జీతం ఏడాదికి 77 వేల డాలర్ల పైనే. జైలు ఉద్యోగులకైతే ఆ అంకె 58 వేలకు కాస్త అటూఇటూ.

అసలు మెలిక వేరే ఉంది. చాలాచోట్ల పోలీసు ఉద్యోగానికి డిగ్రీ అక్కర్లేదు. న్యూయార్క్‌ నగర పోలీసు విభాగం 60 కాలేజీ క్రెడిట్లు ఉండాలన్న నిబంధనను 2025లో 24కి తగ్గించింది. ఎఫ్‌బీఐ ఏజెంట్‌కి డిగ్రీ తప్పనిసరే కానీ, అది అకౌంటింగ్‌ అయినా కంప్యూటర్స్‌ అయినా ఫర్వాలేదు.

ఇక అప్పు. తల్లిదండ్రులపై ఆధారపడిన విద్యార్థికి ఫెడరల్‌ ప్రభుత్వం నాలుగేళ్లకి 27 వేల డాలర్ల దాకా ఇస్తుంది. 6.39 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 305 డాలర్లు! ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటూ, ఆదాయాన్ని బట్టి 120 వాయిదాలు కడితే మిగిలింది మాఫీ చేసే పథకం 2007 నుంచీ ఉంది.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది వీసా. హెచ్‌-4 మీదున్న పిల్లలకు ఫెడరల్‌ రుణం రాదు, పౌరసత్వం లేనిదే ఎఫ్‌బీఐ తీసుకోదు.

ఇష్టమైతే నిక్షేపంగా చదవనివ్వండి. మొదటి రెండేళ్లూ ఫీజు తక్కువుండే కమ్యూనిటీ కాలేజీలో చదివితే సగం భారం దిగినట్టే!